పెర్నీచ్కి: క్రిస్మస్ తేనె బిస్కెట్ల తయారీ, అలంకరణ

చెక్ దేశంలో క్రిస్మస్‌కు ఇంటింటా చేసుకునే చిన్న మసాలా తేనె బిస్కెట్లను పెర్నీచ్కి అంటారు. గోధుమరంగు బిస్కెట్ మీద తెల్లని చక్కెర గీతలతో పువ్వులు, నక్షత్రాలు, ఇళ్ళు వేస్తారు. కొన్నిటికి దారం కట్టి క్రిస్మస్ చెట్టుకు వేలాడదీస్తారు. మన ఇళ్ళలో అరిసెల్లాగే ఇవీ పండుగకు ముందే చేసి డబ్బాలో దాచుకునే వంటకం.

పేరు, చరిత్ర

పెద్ద బిస్కెట్‌ను పెర్నీక్ అంటారు. మిరియాలను సూచించే పాత మాట నుంచి ఈ పేరు వచ్చింది. ఆ మాటకు మూలం లాటిన్ ‘పిపెర్’, దానికి మూలం గ్రీకు ‘పెపెరి’, దానికి మూలం మన ‘పిప్పలి’. మన దేశపు సుగంధ ద్రవ్యాలతో పాటు మాట కూడా ఐరోపా చేరిందన్నమాట.

ఒకప్పుడు పిండిని చెక్కిన కొయ్య అచ్చుల్లో నొక్కి బొమ్మలు తేలేలా చేసేవారు. చక్కెర ఐసింగ్‌తో గీతలు వేయడం తరవాత వచ్చిన పద్ధతి. చెక్ దేశంలో పర్దుబిత్సె పట్టణపు పెర్నీక్‌కు ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఉంది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఇలాంటి తేనె బిస్కెట్లు చేసేవారికి 1643లోనే ప్రత్యేక వృత్తి సంఘం ఏర్పడింది. ఉత్తర క్రొయేషియాలోని ఈ పనితనాన్ని 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కావలసినవి

మైదా 400 గ్రాములు, చక్కెర పొడి 140 గ్రాములు, వెన్న 50 గ్రాములు, గుడ్లు 2, తేనె 2 నుంచి 3 పెద్ద చెంచాలు, వంట సోడా 1 చిన్న చెంచా, మసాలా పొడి 2 చిన్న చెంచాలు. కాల్చాక పైన రాయడానికి మరో గుడ్డు.

మసాలా పొడిలో సగం దాల్చిన చెక్క. మిగతా సగంలో లవంగాలు, అనాసపువ్వు, సోంపు, ధనియాలు, యాలకులు, శొంఠి. చిటికెడు మిరియాల పొడి కూడా వేయవచ్చు. ఇవన్నీ మన పోపుల డబ్బాలోనో పక్కన కిరాణా కొట్టులోనో దొరికేవే.

తయారీ

1. తేనె, వెన్న కలిపి సన్నని సెగ మీద కరిగించి చల్లార్చండి. వేడిగా ఉండగా గుడ్లు కలిపితే విరుగుతాయి.

2. మైదా, చక్కెర, సోడా, మసాలా కలిపి జల్లించి, తేనె మిశ్రమం, గుడ్లు వేసి మెత్తని ముద్దగా పిసకండి. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా పిండి తడి పీల్చుకుంటుంది, మసాలా వాసన పడుతుంది, మర్నాడు ఒత్తడం తేలికవుతుంది.

3. 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందంలో ఒత్తి అచ్చులతో కోయండి. చెట్టుకు కట్టాలనుకుంటే కాల్చకముందే చిల్లు పెట్టాలి.

4. 170 నుంచి 180 డిగ్రీల వేడిలో 6 నుంచి 8 నిమిషాలు కాల్చండి. తేనె వల్ల త్వరగా మాడతాయి, పక్కనే ఉండి చూసుకోండి. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే గిలక్కొట్టిన గుడ్డు పైన రాస్తే మెరుపు వస్తుంది.

అలంకరణ

ఒక గుడ్డు తెల్లసొనలో బాగా జల్లించిన 150 గ్రాముల చక్కెర పొడి, చెంచా నిమ్మరసం కలపండి. గీత గీస్తే పారకుండా నిలవాలి. జారితే చక్కెర, గట్టిపడితే రెండు చుక్కల నిమ్మరసం చేర్చండి. గోరింటాకు కోన్‌లా చుట్టిన కాగితంలో నింపి, కొన సన్నగా కత్తిరించండి. గిన్నెలో మిగిలిన ఐసింగ్ మీద తడి బట్ట కప్పకపోతే పెచ్చు కడుతుంది. బిస్కెట్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టి, ముందు అంచు గీత, తరవాత లోపలి చుక్కలు, వంపులు వేయాలి. ముగ్గు వేసే చేతికి ఇది త్వరగానే పట్టుబడుతుంది. రాత్రంతా ఆరనివ్వండి.

జాగ్రత్తలు

ఏడాది నిండని పిల్లలకు ఈ బిస్కెట్లు పెట్టకూడదు. తేనెలో ఉండగల హానికర బీజకణాలు కాల్చినా చావకపోవచ్చు. ఐసింగ్‌లో పచ్చి తెల్లసొన ఉంటుంది కాబట్టి గర్భిణులు, వృద్ధులు, చిన్నపిల్లలు తినేవాటికి నిమ్మరసం, చక్కెర పొడి మాత్రమే కలిపి వాడండి. గీత అంత సన్నగా రాదు.

నిలవ

కాల్చి చల్లారిన బిస్కెట్ గట్టిగా ఉంటుంది. పాడైందని పారేయకండి. తేనె, చక్కెర తేమను పీల్చుకుంటాయి, రెండు మూడు వారాల్లో అదే మెత్తబడుతుంది. డబ్బాలో చిన్న ఆపిల్ ముక్క పెట్టి, బూజు పట్టకుండా రెండు రోజులకోసారి మారిస్తే ఇంకా త్వరగా మెత్తబడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఆ అవసరం తక్కువ. చెక్ ఇళ్ళలో పండుగ భోజనం 24వ తేదీ సాయంత్రం. అప్పటికి మెత్తబడాలంటే డిసెంబరు మొదటి వారంలోనే కాల్చాలి.

దుకాణాల్లో దొరుకుతున్నా చాలా ఇళ్ళవారు వీటిని సొంతంగానే చేసుకుంటారు. మసాలా పాళ్ళు ఇంటికో రకం, అవి అమ్మమ్మల చేతిరాతలో తరవాతి తరానికి అందుతాయి. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకునే పిల్లలున్న మన ఇళ్ళకు ఈ అలవాటు పనికొస్తుంది. ఈ బిస్కెట్ల కొలతలతో పాటు అరిసెల పాకం, గులాబీ పువ్వుల పిండి పాళ్ళు కూడా తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాయించండి. పెద్దవాళ్ళు చెబుతుంటే పిల్లల చేతే రాయిస్తే వంటతో పాటు లిపి కూడా వాళ్ళకు అందుతుంది.