చిన్న సంస్థకు టవర్ సర్వర్: ధర కంటే ముందు చూడాల్సినవి

న్యూఢిల్లీ: లెక్కల పుస్తకాలు, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు, ఖాతాదారుల బకాయిల వివరాలు చాలా చిన్న సంస్థల్లో నేటికీ ఒకే డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఉంటున్నాయి. దానిలోని డిస్కు పాడైతే పోయేది కంప్యూటర్ ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి భద్రపరచాల్సిన రికార్డు కూడా. అందుకే దేశ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్)లోని చిన్న వ్యాపారులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, క్లినిక్‌ల నిర్వాహకులు తక్కువ ధరలో లభించే టవర్ సర్వర్ల వైపు చూస్తున్నారు. అయితే ఎంపికలో ప్రాసెసర్ వేగం కంటే సమాచార భద్రతకే పెద్దపీట వేయాలి.

టవర్ సర్వర్ అంటే..

చూడటానికి ఇది డెస్క్‌టాప్ క్యాబినెట్‌లాగే ఉంటుంది. ప్రత్యేక ర్యాక్, సర్వర్ గది అవసరం లేదు. రోజంతా ఆగకుండా పనిచేసేలా దీన్ని రూపొందిస్తారు. మెమరీలో తలెత్తే చిన్న లోపాలను తనంతట తానే సరిదిద్దే ఈసీసీ ర్యామ్ దీని ముఖ్య లక్షణం. సాధారణ డెస్క్‌టాప్‌లలో ఈ ఏర్పాటు ఉండదు.

ఒకరిద్దరు మాత్రమే పనిచేసే కార్యాలయానికి సర్వర్ అవసరం రాదు. నలుగురైదుగురు ఒకేసారి ఒకే ఖాతాల ఫైలుపై పనిచేయాల్సి వచ్చినప్పుడు దాని ఉపయోగం మొదలవుతుంది. ఉద్యోగులు వేర్వేరు ఊళ్ల నుంచి పనిచేస్తుంటే క్లౌడ్ సేవ మేలు. అందరూ ఒకే కార్యాలయంలో ఉండి, పెద్ద ఫైళ్లతో పని ఉంటే సొంత సర్వర్ అనుకూలం.

చట్టం ఏం చెబుతోంది?

జీఎస్టీ చట్టం ప్రకారం నమోదిత వ్యాపారులు వార్షిక రిటర్ను దాఖలుకు గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఖాతాలను భద్రపరచాలి. కంపెనీల చట్టం కింద ఈ గడువు 8 ఏళ్లు. ఎలక్ట్రానిక్ రూపంలో ఖాతాలు నిర్వహించే కంపెనీలు వాటి బ్యాకప్‌ను ప్రతిరోజూ భారత్‌లోని సర్వర్లలో ఉంచాలని 2022లో సవరించిన నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఖాతాల్లో చేసిన ప్రతి మార్పునూ నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే కంపెనీలు వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ రికార్డులు ఏటికేడు పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి నేటి అవసరానికి సరిపడా కాకుండా, వచ్చే ఐదారేళ్లకు సరిపోయే డిస్కు సామర్థ్యాన్ని ఎంచుకోవాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

డెల్ పవర్‌ఎడ్జ్ టీ160, హెచ్‌పీఈ ప్రోలయంట్ ఎంఎల్30 జెన్11, లెనోవో థింక్‌సిస్టమ్ ఎస్‌టీ50 వీ3 ఈ తరగతికి చెందినవి. ఈ మూడూ ఇంటెల్ జియాన్ ఈ-2400 శ్రేణి ప్రాసెసర్లతో వచ్చినవే. ఈ శ్రేణిలో 4 నుంచి 8 కోర్ల వరకు ఉంటాయి. ఖాతాల సాఫ్ట్‌వేర్, ఫైళ్ల పంపిణీ వంటి పనులకు 4 కోర్లు చాలు. మిగిలిన సొమ్మును ర్యామ్, డిస్కులపై వెచ్చించడం లాభదాయకం. 16 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టవచ్చు. పదిమందికి పైగా వాడేచోట 32 జీబీ ఉంటే మంచిది.

డిస్కులు కనీసం రెండు ఉండాలి. రెయిడ్-1 పద్ధతిలో రెండింటిలోనూ ఒకే సమాచారం నమోదవుతుంది. ఒకటి పాడైనా పని ఆగదు. రెండు 2 టీబీ డిస్కులు పెడితే వాడుకకు దక్కేది 2 టీబీ మాత్రమే. తక్కువ ధర మోడళ్లలో పాడైన డిస్కును మార్చాలంటే యంత్రాన్ని ఆపాల్సి రావచ్చు. ఈ విషయాన్ని కొనే ముందే అడిగి తెలుసుకోవాలి.

రెయిడ్‌ను బ్యాకప్‌గా భావించడం పొరపాటు. ఎవరైనా ఫైలును చెరిపేసినా, ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగినా ఆ నష్టం రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చోటుచేసుకుంటుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, అందులో ఒక ప్రతి కార్యాలయం వెలుపల అన్నది ఆచరణలో నిలిచిన సూత్రం. బ్యాకప్ పూర్తయ్యాక బయటి డిస్కును సర్వర్ నుంచి విడదీసి ఉంచాలి.

ఎండ, దుమ్ము, కరెంటు

ఈ తరగతి సర్వర్లు సాధారణంగా 35 డిగ్రీల గది ఉష్ణోగ్రత వరకు పనిచేసేలా ఉంటాయి. ఢిల్లీలో మే, జూన్ నెలల్లో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. రాత్రివేళ ఏసీ ఆపేసి తాళం వేసే కార్యాలయాల్లో సర్వర్‌ను గాలి ఆడే చోట, నేలకు కాస్త ఎత్తులో ఉంచాలి. దుమ్మును తరచూ శుభ్రం చేయించాలి.

కాలుష్య నియంత్రణలో భాగంగా ఎన్‌సీఆర్‌లో డీజిల్ జనరేటర్ల వాడకంపై ఆంక్షలున్నాయి. అందువల్ల జనరేటర్‌ను నమ్ముకోకుండా ఆన్‌లైన్ యూపీఎస్‌ను బడ్జెట్‌లోనే చేర్చుకోవాలి. కరెంటు పోయినప్పుడు సర్వర్ తనంతట తానే సక్రమంగా ఆగిపోయేలా దాన్ని అనుసంధానించాలి.

కనిపించని ఖర్చులు

కొటేషన్‌లోని ధరలో ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు తరచుగా ఉండదు. విండోస్ సర్వర్ ఎసెన్షియల్స్ 25 మంది వినియోగదారులకు పరిమితం. దీనికి విడిగా యాక్సెస్ లైసెన్సులు అక్కర్లేదు. స్టాండర్డ్ ఎడిషన్‌కు మాత్రం వాడే ప్రతి వ్యక్తికి లేదా పరికరానికి లైసెన్సు కొనాలి. ఫైళ్ల పంపిణీ వరకే అయితే ఉచిత లినక్స్ సరిపోతుంది. ట్యాలీ ప్రైమ్‌లో ఒకే నెట్‌వర్క్‌లోని పలువురు పనిచేయడానికి గోల్డ్ లైసెన్సు అవసరం.

సర్వర్లపై జీఎస్టీ 18 శాతం. లక్ష రూపాయల యంత్రంపై పన్ను 18 వేలు అవుతుంది. వ్యాపార అవసరానికి కొన్న సాధారణ నమోదిత వ్యాపారి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పొందవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు.

నెహ్రూ ప్లేస్‌లో కొనేటప్పుడు..

దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ దేశంలోని పెద్ద కంప్యూటర్ మార్కెట్లలో ఒకటి. కొత్త సర్వర్లతో పాటు పునరుద్ధరించిన పాత సర్వర్లూ ఇక్కడ లభిస్తాయి. పాతది కొంటే సీరియల్ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో పరిశీలించి, వారంటీ ఎంతకాలం మిగిలి ఉందో నిర్ధారించుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ కాలపరిమితినీ చూడాలి. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు సాధారణ మద్దతు 2023 అక్టోబరు 10న ముగిసింది. 2016 వెర్షన్‌కు 2027 జనవరి 12 వరకే గడువు.

తయారీ పరంగానూ ఎన్‌సీఆర్‌కు ప్రాధాన్యం పెరిగింది. హరియాణాలోని మానేసర్‌లో వీవీడీఎన్ టెక్నాలజీస్‌తో కలిసి సర్వర్లు తయారు చేస్తామని హెచ్‌పీఈ 2023 జులైలో ప్రకటించింది. అయినా కొనుగోలుదారుకు ముఖ్యమైనది తయారైన చోటు కాదు, సేవ అందే తీరు. మరుసటి పనిదినానికే సాంకేతిక నిపుణుడు కార్యాలయానికి వచ్చే వారంటీని కనీసం మూడేళ్లకు తీసుకోవడం మంచిది.

సర్వర్ బిగించిన రోజే చేయాల్సిన పని మరొకటి ఉంది. బ్యాకప్ నుంచి ఒక ఫైలును వెనక్కి తీసి, అది తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఈ పరీక్షను మూడు నెలలకోసారి పునరావృతం చేయాలి. తిరిగి తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.