తలుపు తీయకముందే

మొన్నామధ్య అమ్మ వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. మేమిద్దరం ఆఫీసులకు, పిల్లలు స్కూలుకు పోతే పగలంతా ఇంట్లో ఒక్కతే. కాలింగ్ బెల్ మోగితే ఆవిడకు గుండె దడ. "ఎవరో ఏమిటో తెలియకుండా తలుపెలా తీసేది నాన్నా?" అంది ఒకరోజు. ఇంటికి అప్పటికే నాలుగు కెమెరాలున్నాయి. అవన్నీ బేస్‌మెంటులో మూలనున్న డీవీఆర్‌లోకి రికార్డవుతాయి. అమ్మకు మాత్రం ఏమీ చూపించవు!

కొత్త కెమెరాలు వెతుకుతూ, అసలు ఇంటికి కెమెరా పెట్టాలని ముందుగా ఎవరికి తోచిందా అని చూశాను. అక్కడా అమ్మ ప్రశ్నే ఎదురైంది.

కెమెరాతో దూరంనుంచి కాపలా కాయడం 1942లోనే ఉంది, కానీ అది జర్మనీలో వీ-2 రాకెట్ల కోసం. ఇంటి గుమ్మానికి తెచ్చింది న్యూయార్కు క్వీన్స్‌లోని జమైకా పేటలో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరివీ వేళాపాళా లేని ఉద్యోగాలు. పిలిస్తే పోలీసులు త్వరగా వచ్చే పేట కూడా కాదది. అందుకని తలుపుకు పైనుంచి కిందికి నాలుగు కన్నాలు పెట్టి, వాటి వెంట జరిగే కెమెరా అమర్చారు. వచ్చినవాడు ఆరడుగుల మనిషైనా, పిల్లాడైనా ముఖం కనబడాలి కదా! బొమ్మ లోపలి టీవీలో పడుతుంది. మైకులో మాట్లాడవచ్చు. తెలిసినవారైతే మీట నొక్కి గడియ తీయవచ్చు, కాకుంటే అలారం మోగించవచ్చు. 1966 ఆగస్టు 1న దరఖాస్తు పెడితే 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చింది, నంబరు 3,482,037. అందులో భార్య పేరే ముందుంది, భర్త పేరు తర్వాత. ఆ రోజులకు అది చిన్న విషయం కాదు.

తర్వాత వీడియో క్యాసెట్లు, డీవీఆర్‌లు వచ్చాయి. 1996లో యాక్సిస్ కంపెనీ కెమెరాను నెట్‌వర్కుకెక్కించింది. అప్పటినుంచి బొమ్మ ఇల్లు దాటడం మొదలుపెట్టింది. 2016లో మిరాయ్ అనే వైరస్, కొన్నప్పటి పాస్‌వర్డు మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో పట్టుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే పడగొట్టింది. 2023లో రింగ్ కంపెనీ ఉద్యోగులు కొనుగోలుదారుల ఇళ్ళలోని వీడియోలు చూశారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపిస్తే, ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

అది చదివాక హాల్లో అమ్మ కోసమే పెట్టిన కెమెరా ఆ రాత్రే పీకేశాను. "పడుకుంటే కూడా కనపడతానా?" అని ఆవిడ అదివరకే ఒకసారి అడిగింది. నేనే నవ్వి ఊరుకున్నాను.

బయటి నాలుగింటినీ మార్చాను. పాతవి 704×480, కొత్తవి 2560×1440. అంటే చుక్కలు దాదాపు 11 రెట్లు. పాత కోయాక్సియల్ కేబుల్ తీసేసి ఈథర్‌నెట్ లాగాను. కరెంటూ బొమ్మా ఒకే తీగలో పోతాయి. అటకమీద రెండు శనివారాలు పట్టింది, నడుం సంగతి అడక్కండి. రికార్డింగ్ ఇంట్లో డిస్కుమీదే. కెమెరాలకు వేరే నెట్‌వర్కు, బయటికి దారి లేదు. మేరీ బ్రౌన్ చేసినట్టే గుమ్మం బొమ్మను లోపలికి, వంటింటి గోడమీది స్క్రీన్‌కు తెచ్చి, పక్కన మాట్లాడే మీట పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ ఫోను: "పోస్టతను ఏదో డబ్బా పెట్టి పోయాడు. తలుపు తీయలేదులే, లోపల్నుంచే థాంక్యూ చెప్పాను. పాపం ఉలిక్కిపడ్డాడురా!"