గడ్డం కింద స్కానింగ్

మార్కాపురంలోనో గిద్దలూరులోనో స్కానింగ్ అనగానే కడుపుతో ఉన్న ఆడపిల్లే గుర్తుకొస్తుంది. ఎన్నో నెల, ఉమ్మనీరు సరిపోను ఉందా, బిడ్డ ఎదుగుదల ఎలా ఉంది అనేవే అక్కడ అడిగే ప్రశ్నలు. పుట్టిన బిడ్డ పాలు తాగుతుండగా అదే యంత్రాన్ని గడ్డం కింద ఆనించి, నాలుక ఏం చేస్తోందో చూడవచ్చంటే చాలామందికి కొత్తగా తోస్తుంది. ఈ పని మొదలై నలభై ఏళ్లు దాటింది.

ఒంటి లోపలిని బొమ్మ తీసి చూడడం ఈ ఊళ్లున్న పశ్చిమ ప్రకాశానికి కొత్త కాదు. 1937లో మద్రాసు రాజధాని వైద్యులు మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించి రాసింది దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల గురించే. అప్పట్లో అవి నెల్లూరు జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అన్నీ ఒక్కచోటికి చేరాయి. ఆ వైద్యబృందంలో మద్రాసు ఎక్స్‌రే నిపుణుడు టి.డబ్ల్యు. బర్నార్డ్ కూడా ఉన్నారు. ఫ్లోరైడ్ ఎక్కువైన బావినీళ్లు తాగి బిగుసుకుపోయిన వెన్నెముకలు ఎలా మారాయో ఎక్స్‌రేలే చూపించాయి. ఎముక గట్టిది, కదలకుండా నిలుస్తుంది, కాబట్టి ఎక్స్‌రేకు చక్కగా లొంగింది.

నాలుక అలా లొంగలేదు. అది మెత్తటి కండ, క్షణం కుదురుగా ఉండదు. మింగడాన్ని ఎక్స్‌రేతో చూసే ప్రయత్నం 1896లోనే హార్వర్డ్‌లో మొదలైంది. వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి బాతుజాతి పక్షులకు ఎక్స్‌రేలో కనబడేలా బిస్మత్ కలిపిన మేత పెట్టి, అది గొంతు దిగడం చూశాడు. 1958లో ఆర్డ్రాన్, కెంప్, లిండ్ అనే ముగ్గురు పసిబిడ్డలు సీసాపాలు, తల్లిపాలు తాగే తీరును ఎక్స్‌రే సినిమాగా తీశారు. తల్లి రొమ్ముకు బేరియం లేపనం రాసి మరీ తీశారు. చనుమొనను బిడ్డ నోట్లోకి లాక్కుని, నాలుకకూ అంగిలికీ మధ్య నొక్కుతుందని వారు తేల్చారు. వైద్యపుస్తకాలు ఆ మాటనే చాలాకాలం నమ్మాయి.

చిక్కంతా రేడియేషన్‌తోనే. జబ్బు ఉన్నవారికైతే తప్పదనుకోవచ్చు. హాయిగా పాలు తాగుతున్న బిడ్డకు, తెలుసుకోవాలన్న కోరికతో ఎక్స్‌రే తీస్తూ కూర్చోలేం. దాంతో చెడిన మింగుడు గురించి తెలిసినంతగా మామూలు మింగుడు గురించి తెలియలేదు. నా దృష్టిలో శబ్దతరంగాలతో చూసే అల్ట్రాసౌండ్ స్కానింగ్ తెచ్చిన అసలు మార్పు ఇదే: ఆరోగ్యంగా ఉన్నవారిని, కావలసినంత సేపు, కావలసినన్ని సార్లు చూడగలగడం.

అమెరికాలో 1960ల చివర మాటలాడేటప్పటి గొంతు కదలికలపై శబ్దతరంగాలను ప్రయోగించి చూశారు. బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో థామస్ షాకర్, బార్బరా సోనీస్ బృందం 1981లో మాట్లాడే నాలుకను, 1983లో మింగే నాలుకను అప్పటికప్పుడు కదిలే బొమ్మగా చూపించింది. గడ్డం కింద ఆనించిన ప్రోబ్ నుంచి తరంగాలు కండ గుండా పైకి వెళ్లి, నాలుక పైభాగాన గాలి తగలగానే వెనక్కి తిరుగుతాయి. తెరపై తెల్లటి వంపుగీత కనిపిస్తుంది. ఆ గీత కదలికే నాలుక కదలిక. దవడ ఎముక నీడ పడి నాలుక కొన తరచూ మరుగున పడుతుంది. బేరియం అక్కర్లేదు, రోజూ తినే సంకటి ముద్దతోనే చూడవచ్చు.

1985, 86 సంవత్సరాల్లో పసిబిడ్డల వంతు వచ్చింది. మైకేల్ వూల్‌రిడ్జ్ తదితరులు ఇంగ్లండులో చేసిన పనిలో నాలుక ముందు నుంచి వెనక్కి అలలా కదిలి పాలను పిండుతుందన్న చిత్రమే బలపడింది. 2008లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో డోనా గెడ్డెస్ బృందం అల్ట్రాసౌండ్‌తోపాటు బిడ్డ నోటిలోని పీడనాన్ని కూడా కొలిచింది. నాలుక పైకి నొక్కినప్పుడు కాక, కిందికి దిగినప్పుడు పాలు వస్తున్నాయి! నాలుక దిగితే నోటిలో పీడనం తగ్గుతుంది, ఆ లాగుడుకు పాలు చిమ్ముతాయి. యాభై ఏళ్ల నమ్మకం తారుమారైనట్టే కనిపించింది. కానీ అల అబద్ధం కాదు. 2014లో ఇజ్రాయెల్‌కు చెందిన డేవిడ్ ఎలాడ్ బృందం రెంటినీ కలిపింది: నాలుక ముందుభాగం దవడతోపాటు ఒక్కముక్కగా పైకీ కిందికీ ఆడుతుంది, వెనకభాగం అలలా కదిలి పాలను మింగిస్తుంది. “బిడ్డకు పీల్చడం రావట్లేదు” అని తల్లడిల్లే బాలింతకు ఈ తేడా చిన్నది కాదు. నోరు లోతుగా పట్టి, గాలి చొరకుండా మూసుకుంటేనే లాగుడు పుడుతుంది. చనుమొన చివరనే పట్టుకున్న బిడ్డ ఎంత నమిలినా పాలు అంతగా రావు, తల్లికి నొప్పి మాత్రం మిగులుతుంది.

తెలుగువారి నాలుక శాస్త్రానికి ముందే తెలుసు, అయితే మాట ద్వారా. 1983లో ధ్వనిశాస్త్రవేత్త పీటర్ లాడిఫోగెడ్‌తో కలిసి మన భాషాశాస్త్రవేత్త పేరి భాస్కరరావు హిందీ, తమిళం, తెలుగు మాట్లాడేవారి ట, డలను ఎక్స్‌రేలతో పోల్చారు. తెలుగు, తమిళ నాలుకలు బాగా మడిచి అడుగుభాగాన్ని అంగిలికి తాకిస్తాయని తేలింది. 2014 నాటికి కన్నడ ధ్వనులపై మైసూరు వాక్ శ్రవణ సంస్థ పరిశోధకులు భాగం పంచుకున్న ఇలాంటి అధ్యయనానికి అల్ట్రాసౌండ్ సాధనమైంది.

మన దేశంలో గడ్డం కింద స్కానింగ్‌కు ఒక అడ్డు ఉంది, అది అవసరమైన అడ్డే. గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రాన్ని నమోదైన కేంద్రాలకే అమ్మాలి. మాట, మింగుడు సరిచేసే థెరపిస్టు తన గదికి ఒక చిన్న యంత్రం తెచ్చుకుందామంటే కుదరదు. ఆడపిల్లలను కాపాడే ఆ కట్టుదిట్టం సడలకూడదు. నమోదైన స్కానింగ్ గదిలోనే, రేడియాలజిస్టు పక్కన థెరపిస్టు కూర్చుని బిడ్డ గడ్డం కింద చూసే ఏర్పాటు చేయడమే తగిన దారి.

పక్షవాతం వచ్చి, గుటక గుటకకీ పొలమారే పెద్దవాళ్లకూ ఇది కొంతవరకే పనికొస్తుంది. నాలుక, కంఠాస్థి ఎంత కదిలాయో చెప్పగలదు. నీళ్లు ఊపిరితిత్తుల దారి పట్టాయా అన్నది చూపలేదు. అందుకు నేటికీ బేరియం ఎక్స్‌రేనో, ముక్కులోంచి దింపే ఎండోస్కోపో కావాలి.