క్రీడాకారులలో వడదెబ్బ నివారణము – శిక్షకుల శిక్షణ

తీవ్రముగా శ్రమించు క్రీడాకారుని దేహమున పుట్టు వేడిమి, దేహమునుండి వెడలిపోవు వేడిమిని మించినపుడు పలువిధములైన రుగ్మతలు కలుగును. వానిలో కండరములు పట్టివేయుట, సొమ్మసిల్లుట మొదలగునవి తేలికయైనవి. అంతర్దేహోష్ణము 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటి, మతి చలించి, మాట తడబడి, తుదకు స్పృహ తప్పు వడదెబ్బ ప్రాణాంతకమైనది. ఈ మరణములను నివారించు జ్ఞానము వైద్యుల గ్రంథములనుండి క్రీడాస్థలమున నిలిచియుండు శిక్షకుని చేతికి వచ్చిన క్రమమే ఈ విషయముయొక్క చరిత్ర.

కండరములు వినియోగించు శక్తిలో అత్యధికభాగము వేడిమిగనే పరిణమించును. దానిని వెడలించుటకు ముఖ్యసాధనము చెమట ఆరుట. గాలిలో తేమ హెచ్చినకొలది చెమట ఆరక కారిపోవును గనుక, నీడలో వ్రేలాడు ఉష్ణమాపకము చూపు అంకె అపాయమును పూర్తిగా తెలుపజాలదు. దేహము ఎండకు అలవడుటకు 10 మొదలు 14 దినములు పట్టును. ఆ కాలమున రక్తద్రవము వృద్ధినొందును, చెమట త్వరగా పట్టును, అందలి ఉప్పు తగ్గును. కావుననే సాధన ఆరంభించిన తొలిదినములు మిక్కిలి అపాయకరములు.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ మారథాన్ పరుగున పోర్చుగల్ దేశీయుడగు ఫ్రాన్సిస్కో లాజరో మార్గమధ్యమున కూలి, మరునాడు మరణించెను. 1954లో వాంకూవర్ క్రీడోత్సవపు మారథాన్ పరుగున ఆంగ్లేయుడగు జిమ్ పీటర్స్ అందరికంటె ఎంతో ముందుగా క్రీడాంగణము ప్రవేశించియు, పడుచు లేచుచు, గమ్యరేఖను చేరజాలకపోయెను. ప్రాణము దక్కెనుగాని అతడు మరల మారథాన్ పరుగెత్తలేదు. ఆ సంవత్సరముననే అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, జంక్షన్ అను ఊరిలో, బేర్ బ్రయంట్ అను అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకుడు నీటి విరామములు లేక కఠోరసాధన చేయించగా, క్రీడాకారులలో పెక్కుమంది శిబిరము విడిచిపోయిరి. దప్పికను సహించుట పౌరుషలక్షణమని ఆనాటి శిక్షకులలో పలువురు నిజముగనే విశ్వసించిరి.

ఈ విశ్వాసమును సడలించు తొలి సాధనము సైన్యమునుండి వచ్చినది. దక్షిణ కరోలినాలోని ప్యారిస్ ఐలండ్ నౌకాసైనిక శిక్షణకేంద్రమున వడదెబ్బలు తరచు కాగా, యాగ్లూ, మినార్డ్ అను శాస్త్రజ్ఞులు 1950వ దశకమున తేమను, ఎండను, గాలి వేడిమిని కలిపి లెక్కించు సూచిక నొకదానిని రూపొందించిరి. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకపు కొలతకు 70 పాళ్లు, నల్లని గోళమునందలి కొలతకు 20, సాధారణోష్ణమునకు 10 పాళ్లు ఇచ్చు ఈ సూచిక నేటికిని క్రీడాస్థలములందు ప్రమాణము. 1975లో అమెరికన్ క్రీడావైద్య సంఘము దూరపుపరుగులలో వడదెబ్బ నివారణమునుగూర్చి అధికారప్రకటన వెలువరించెను.

అయినను, ప్రకటనలు మైదానమునకు చేరుటకు దుర్ఘటనలే కారణమైనవి. వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడగు కోరీ స్ట్రింగర్, మిన్నెసోటా వైకింగ్స్ జట్టు సాధనలో వడదెబ్బ తగిలి, 2001 ఆగస్టు 1వ తేదీన మరణించెను. 2003లో అమెరికా విశ్వవిద్యాలయముల క్రీడాసంఘము ఫుట్‌బాల్‌నందు తొలి అయిదుదినముల సాధనకు పరిమితులు విధించెను. 2008లో కెంటకీ రాష్ట్రమున 15 ఏండ్ల విద్యార్థి సాధనలో కుప్పకూలి మరణింపగా, అతని శిక్షకునిపై నేరవిచారణ జరిగెను. న్యాయస్థానము ఆ శిక్షకుని నిర్దోషిగా విడిచెను. కాని ఉన్నతపాఠశాలల శిక్షకులు క్రీడాభద్రతా పాఠము నభ్యసింపవలెనని 2009లో ఆ రాష్ట్రము శాసించెను. 2010లో స్ట్రింగర్ పేర కనెక్టికట్ విశ్వవిద్యాలయమున పరిశోధనసంస్థ వెలసినది. 2020లో ఫ్లోరిడా శాసనము శీతలజలపు తొట్లను, శిక్షకులకు వార్షికశిక్షణను విధించెను.

శిక్షకులకు నేర్పు విషయములు స్వల్పములు, స్పష్టములు. ఫుట్‌బాల్ సాధనలో తొలి రెండుదినములు శిరస్త్రాణము మాత్రమే, పిదప భుజకవచములు, ఆరవదినమునుండి సంపూర్ణకవచము; తొలి అయిదుదినములు దినమున కొక్క సాధనయే; దప్పికగొన్నవానికి అడుగకయే నీరు. ఒకడు తూలుచు పొంతనలేని మాటలాడినచో దానిని సోమరితనమని గద్దింపక, వడదెబ్బయని ఎంచి, కవచములు విప్పి, మంచునీటి తొట్టిలో మెడవరకు ముంచి, తల మునుగకుండ పట్టుకొని, నీటిని కలియత్రిప్పుచుండవలెను. నుదుటిపైనను నోటను తీసిన కొలత నమ్మదగినది కాదు. వైద్యసిబ్బంది గుదమార్గమున కొలుతురు. తొలి అరగంటలోపల దేహోష్ణమును దింపుటయే ప్రాణరక్షణము కావున, ముందు చల్లార్చి పిదప ఆసుపత్రికి తరలింపవలెనన్నది సూత్రము. మసాచుసెట్స్‌లోని ఫాల్మత్ పరుగుపందెమున 18 ఏండ్లలో ఈ విధముగ చికిత్సపొందిన 274 మందియు బ్రతికిరి.

ఈ పాఠములు మనకును అవసరము: ఆంధ్రప్రదేశ్, తెలంగాణములందు బడిసెలవులలోనే, అనగా ఎండలు మిక్కుటమగు మే నెలయందే, వేసవి క్రీడాశిక్షణ శిబిరములు జరుగుచుండును. ఉదయపు చల్లనివేళ సాధన, నీడ, నీరు, మంచు, ఒక తొట్టి, వానిని ఉపయోగింప నేర్చిన శిక్షకుడు – ఇవి అసాధ్యములు కావు. వడదెబ్బకు బలియగు క్రీడాకారుని మరణము దైవికము కాదు, నివారింపదగినది. పిల్లలను మైదానమునకు పంపు ప్రతి తల్లియు తండ్రియు ఈ ఏర్పాట్లు కలవా యని ముందుగా అడుగవలెను.