భోషాణం నుంచి ప్లైవుడ్ దాకా: కోనసీమ ఇళ్ళలో చెక్క అలమరలు

కోనసీమలోని మురమళ్ళ ఊరు గోదావరి పాయ వృద్ధ గౌతమి ఒడ్డున ఉంది. నది, కాలువలు, కొబ్బరి తోటల నడుమ ఇలాంటి ఊళ్ళలో చెక్క సామానుకు శత్రువులు రెండే: చెమ్మ, చెదలు. సామాను దాచుకునే ఏర్పాట్లు ఇక్కడ ఎన్నిసార్లు మారినా ఈ రెంటితో పోరు మాత్రం ఆగలేదు.

మండువా లోగిళ్ళలో ధాన్యానికి గాదె, పాలు పెరుగులకు ఉట్టి, ఎప్పుడో గానీ తీయని సామానుకు అటక ఉండేవి. పట్టుబట్టలు, నగలు, దస్తావేజులు భోషాణంలో ఉండేవి. దాని పనితనం దగ్గరగా చూడాల్సిందే. దళసరి టేకు పలకలు. మూలల్లో ఒక పలక పళ్ళు రెండో పలక గాడుల్లోకి దిగి బిగుసుకుంటాయి. వాటి మీద ఇనుప పట్టీలో ఇత్తడి రేకులో కొట్టేవారు. అడుగున పొట్టి కాళ్ళుంటాయి కనుక నేల చెమ్మ పలకకు ఎక్కదు, కింద గాలి ఆడుతుంది. మూత మీద పరుపు వేసుకుని మనిషి పడుకున్నా పెట్టె కదలదు.

ఎగువ గోదావరి అడవుల టేకును తెప్పలుగా కట్టి నది మీదుగా రాజమహేంద్రవరానికి దించేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల్లో పడవలు తిరగడం మొదలయ్యాక కలప డెల్టా ఊళ్ళకు చేరడం తేలికైంది. మందపాటి గోడల్లో గూళ్ళు వదిలి, అరలు అమర్చి, టేకు తలుపులు బిగించడం పెంకుటిళ్ళలో మామూలైంది. అయితే గోడ పీల్చిన చెమ్మ అరలకు ఎక్కేది. చెదలు కూడా ఆ దారినే వచ్చేవి.

1923లో గోద్రెజ్ ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో బీరువా పెళ్ళిసారెలోకి వచ్చి, భోషాణాన్ని మూలకు నెట్టింది. ఉక్కుకు చెదల భయం లేదు గానీ తీరపు ఉప్పుగాలికి తుప్పు తప్పదు. 1959లో ఫెవికాల్ వచ్చింది. ఎముకలు, తోళ్ళు ఉడికించి తీసిన జిగురును వేడిచేసి వాడే శ్రమ వడ్రంగులకు క్రమంగా తప్పింది. ఆపైన ప్లైవుడ్ వాడకం పెరిగి, చెక్క అలమర మళ్ళీ ఇంట్లో చోటు సంపాదించుకుంది.

అయితే అలమర దేనితో చేసినా ఇక్కడి నీటిని మరవకూడదు: 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. వరద, తుపాను తెలిసిన నేలలో అలమర కొలతల కంటే ముందు దాని అడుగు గురించి ఆలోచించాలి.

ఇంట్లో కొత్తగా అలమర చేయించేవారికి భోషాణపు పాత పనితనమే పాఠం. నీరు తగిలే చోట ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్ వాడండి. రంపపు పొట్టును నొక్కి చేసిన బోర్డు నీటికి ఉబ్బిపోతుంది. అలమరను నేలకు ఆనించకుండా కాళ్ళ మీద నిలపండి. వెనక పూర్తి పలక బిగిస్తే చట్రం పక్కకు ఒరగదు. అర మందం రెట్టింపైతే గట్టితనం ఎనిమిది రెట్లవుతుంది; అంత మందం కుదరకపోతే ముందు అంచుకు ఒక కర్ర పట్టీ బిగించినా వంగడం తగ్గుతుంది. ఎత్తైన అలమరను గోడకు స్క్రూలతో పట్టించండి.

మీ ఇంట్లో పాత భోషాణం ఉంటే తూకానికి అమ్మేయకండి. పుచ్చిన కాళ్ళు మార్పించి, పట్టీలు బిగించి వాడుకోండి. అలాంటి టేకు ఈ రోజు కొనాలంటే సామాన్యుడి వల్ల కాదు.