సింహాసనం కారా, స్టీరింగ్ కారా? నిజాంల రోల్స్ రాయిస్ వర్సెస్ జాగ్వార్

బుక్కరాయసముద్రం నుంచి మీ ముందుకు వచ్చేశా. సినిమా రిలీజైతే 'సీడెడ్‌లో ఎంత వచ్చింది?' అని అడుగుతాం కదా. ఆ 'సీడెడ్' అనే మాట వెనకాల నిజాం ఉన్నాడు. అదెలాగో చివర్లో చెప్తా. ముందు హైదరాబాద్‌లో ఉన్న రెండు కార్లు చూద్దాం.

మొదటిది చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. పసుప్పచ్చ రంగు, బాడీ కట్టింది బార్కర్ కంపెనీ. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కానీ 1911లోనే ఆయన చనిపోయాడు. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. వెనక సీటు ఎత్తుగా సింహాసనంలా ఉంటుంది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లు దాటిన ఇంజిన్. అయినా ముందు చక్రాలకు బ్రేకుల్లేవు! ఊరేగింపు బండికి స్పీడుతో పనేముంది?

రెండోది జాగ్వార్ మార్క్ ఫైవ్. ఈ మోడల్ కారు ఒకటి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉంది. దీంట్లో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు. ముందు చక్రాలకు దేనికదే విడిగా సస్పెన్షన్, జాగ్వార్‌కు అదే మొదటిసారి. అంటే గుంతలో ఒక చక్రం దిగినా రెండోది కదలదన్నమాట. సింహాసనం కారు ఒక్కరి కోసం చేసింది. ఇదేమో మూడేళ్లలో పది వేలకు పైగా తయారైంది.

ఇప్పుడు డేట్లు చూడండి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. అక్టోబర్ చివర్లో లండన్ మోటార్ షోలో ఈ జాగ్వార్ నిలబడింది. రెండింటికీ సంబంధం లేదు, యాదృచ్ఛికమే. కానీ లగ్జరీకి అర్థం మారిపోయింది. మొదటి కారులో 'లోపల కూర్చున్నదెవరు?' అన్నదే ముఖ్యం. రెండోదాంట్లో 'బండి ఎలా నడుస్తుంది?' అన్నది ముఖ్యం. డబ్బుంటే చాలు, రాజు కానక్కర్లేదు. నా ఓటు జాగ్వార్‌కే.

సరే, సీడెడ్ సంగతి. 1800లో అప్పటి నిజాం, తన రక్షణకు పెట్టుకున్న ఇంగ్లీష్ సైన్యం ఖర్చు కింద అనంతపురం, కడప, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చేశాడు. సీడెడ్ అంటే అదే, ఇచ్చేసినవి. అప్పుడు మా ఊరి చెరువు కింద మడి దున్నే రైతును ఎవరూ అడగలేదు. నిజాం ఆస్తుల రీల్స్ చూసి 'వావ్' అనేటప్పుడు ఇదీ గుర్తుంచుకోండి: ఒకప్పుడు మనమూ ఆ లెక్కల్లో ఒక పద్దే.

మరి మీ ఓటు ఏ కారుకి? కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!