ఆ మాత్ర ఆయన్నే ఎందుకు పడేసింది?

1975. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్య కళాశాల. ప్రొఫెసర్ రాబర్ట్ స్మిత్, ప్రయోగశాలలోని మరికొందరు పొద్దున్నే డెబ్రిసోక్విన్ వేసుకున్నారు. బీపీ తగ్గించే మందది. లోపలికి వెళ్లాక ఏమవుతుందో తమ ఒంటిమీదే తేల్చుకుందామనుకున్నారు.

కాసేపటికి స్మిత్‌కు కళ్లు బైర్లు కమ్మాయి. కుర్చీలోంచి లేవబోతే కాళ్లు నిలవలేదు. చేతికి పట్టీ చుట్టి చూస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోయి ఉంది. పక్కనే ఉన్నవాళ్లకు మాత్రం చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు!

జవాబు మూత్రం సీసాల్లో దొరికింది. మిగతావాళ్ల మూత్రంలో మందు చాలామటుకు రూపం మారి బయటికొచ్చింది. స్మిత్‌ది దాదాపు మింగింది మింగినట్టే వచ్చింది.

రూపం మార్చే పని ప్రధానంగా కాలేయానిది. కొవ్వులో కరిగే మందును మూత్రపిండాలు అంత తేలిగ్గా బయటికి పంపలేవు. వడకట్టినా చాలావరకు తిరిగి రక్తంలోకే చేరుతుంది. అందుకే కాలేయంలోని ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలించి, అవసరమైతే మరో పదార్థాన్ని జోడించి, నీటిలో కరిగేలా చేస్తాయి. డెబ్రిసోక్విన్ సంగతి చూసే ఎంజైము పేరు సీవైపీ2డీ6. స్మిత్‌లో అదే పనిచేయడం లేదు. మందు రూపం మారకుండా రక్తంలో పేరుకుపోయి, చివరికి అలాగే మూత్రంలోకి వచ్చింది.

ఆయన దాన్ని అంతటితో వదల్లేదు. 94 మందిని పరీక్షించిన ఆ బృందం, ఈ తేడా వంశపారంపర్యమని 1977లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించింది. యూరప్ సంతతివారిలో నూటికి అయిదు నుంచి పది మంది స్మిత్ లాంటివాళ్లే. ‘డాక్టరుగారూ, ఈ బిళ్ల నాకు పడట్లేదండీ’ అన్న రోగిని ‘అంతా మీ అనుమానం’ అని కసిరి పంపేస్తే నాకు కోపం వస్తుంది. ఆ రోగి రక్తంలో నిజంగానే మందు పేరుకుపోతూ ఉండొచ్చు కదా!

దీనికి తిరగబడ్డ కథ కోడీన్‌ది. అది నొప్పి తగ్గించాలంటే ఇదే ఎంజైము దాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. ఎంజైము లేనివాళ్లకు ఉపశమనం అంతంతమాత్రం. మరీ చురుగ్గా ఉన్నవాళ్లలో మార్ఫిన్ ఒక్కసారిగా పెరిగి ఊపిరి మందగిస్తుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత మామూలు మోతాదే ఇచ్చినా కొందరు పసివాళ్లు ఇలాగే ప్రాణాలు కోల్పోయారు. ఆ ఆపరేషన్ అయిన పిల్లలకు కోడీన్ ఇవ్వొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2013లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది.